టవర్ లేని కొండ మీద దారి: చేతి జీపీఎస్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

క్లుప్తంగా: 'జీపీఎస్' అనే ఒక్క మాట కింద మూడు పనులు కలిసిపోతున్నాయి. మనిషి ఎక్కడున్నాడో కనుక్కోవడం, దాన్ని పటం మీద చూపడం, ఆ సంగతి ఇంకొకరికి చేరవేయడం. మొదటి పనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోనైనా, చేతి పరికరమైనా చేస్తుంది. రెండోది ముందే ఎక్కించుకున్న పటాన్ని బట్టి ఉంటుంది. మూడోది మామూలు చేతి జీపీఎస్ చేయదు. చేసే రకాన్ని అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటే మన దేశంలో కేసు అవుతుంది. చేతి పరికరం ఫోన్‌ను మించేది కచ్చితత్వంలో కన్నా ఓర్పులో.

శుక్రవారం రాత్రి ప్రశ్న

తొలకరి పడిందంటే బెంగళూరులో శుక్రవారం రాత్రులు మారతహళ్లి వంతెన దగ్గర, సిల్క్ బోర్డు కూడలిలో టెంపో ట్రావెలర్లు బారులు తీరతాయి. వీపున సంచులతో ఎక్కే కుర్రకారులో తెలుగు మాటలు గట్టిగానే వినిపిస్తాయి. తెల్లారేసరికి వాళ్లు కుమారపర్వతం పాదాల దగ్గరో, కొడగులోని తడియాండమోళ్ దగ్గరో దిగుతారు. అక్కడినుంచి కాస్త దూరం నడిస్తే చాలు, ఫోన్ తెర మీద టవర్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఈ ప్రయాణాలు పెరిగినకొద్దీ ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: జేబులోని ఫోన్‌లోనే జీపీఎస్ ఉండగా, ఇంకో ఫోన్ కొన్నంత డబ్బు పోసి చేతి జీపీఎస్ కొనడం దేనికి?

జవాబులు రెండు కొసల నుంచి వస్తాయి. 'ఫోన్ చాలు' అనేది ఒక మాట. 'అడవిలో నెట్ ఉండదు, కాబట్టి ఫోన్ జీపీఎస్ పనిచేయదు' అనేది రెండో మాట. రెండోది పచ్చి పొరపాటు, మొదటిది సగం నిజం. దీనికి తోడు 2024 డిసెంబరులో గోవాలో, 2025 జనవరిలో ఢిల్లీలో విమానాశ్రయ సిబ్బంది విదేశీ ప్రయాణికులను జీపీఎస్ పరికరాలతో పట్టుకున్నారన్న వార్తలు వచ్చాక, 'అసలు ఇది ఉంచుకోవడమే నేరమా' అన్న అనుమానమూ చేరింది. ఆ మూడు పనులనూ విడదీస్తే తప్ప ఈ చిక్కుముడి వీడదు.

ఆకాశం నుంచి దిగేది గడియారం టైము

జీపీఎస్ ఉపగ్రహం ఎవరి ఆచూకీ తెలుసుకోదు. అది చేసేదల్లా భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ 'ఇప్పుడు టైము ఇంత, నేను ఇక్కడున్నాను' అని అదే పనిగా చాటడం. ఆ సంకేతం కాంతి వేగంతో వచ్చినా నేలకు దిగడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. పరికరం ఆ ఆలస్యాన్ని కొలిచి దూరం కడుతుంది. టైములో ఒక్క మైక్రోసెకను తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలు పెట్టింది అందుకే. సాపేక్షత సిద్ధాంతం ప్రకారం ఆ గడియారాలు నేల మీది వాటికన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందు నడుస్తాయి. ఆ తేడాను సరిదిద్దకపోతే ఒక్క రోజులో దూరాల లెక్క పదకొండు కిలోమీటర్ల మేర తప్పుతుంది.

చేతిలోని పరికరంలో ఉండేది మాత్రం మామూలు క్వార్ట్జ్ గడియారం. అందుకే అక్షాంశం, రేఖాంశం, ఎత్తుతో పాటు తన టైములో తప్పెంతో కూడా అదే కనుక్కోవాలి. తెలియనివి నాలుగు కాబట్టి కనీసం నాలుగు ఉపగ్రహాలు కనిపించాలి. ఈ లెక్కలో ఎక్కడా మొబైల్ టవర్ లేదు, డేటా ప్యాక్ లేదు. విమానం మోడ్‌లో పెట్టిన ఫోన్ కూడా ఈ లెక్క కట్టగలదు.

నెట్ లేకపోతే ఫోన్ జీపీఎస్ పనిచేయదన్న అపోహ పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. ప్రతి ఉపగ్రహం తన కక్ష్య వివరాన్ని 30 సెకన్లకోసారి పంపుతుంది. మొత్తం ఉపగ్రహాల స్థూల పట్టిక నేరుగా ఆకాశం నుంచి దిగాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఊళ్లో ఉన్నప్పుడు ఫోన్ ఈ సమాచారాన్ని ఇంటర్నెట్ నుంచి క్షణంలో తెచ్చుకుంటుంది. కొండ మీద ఆ సాయం ఉండదు కాబట్టి మొదటిసారి స్థానం దొరకడం ఆలస్యమవుతుంది. రెండు నిమిషాలు చూసి 'ఇది పనిచేయదు' అని ఫోన్ జేబులో పడేసేవాళ్లు చాలామంది. ఫోనైనా చేతి పరికరమైనా, బండి దిగిన చోట ఆకాశం బాగా కనిపించేలా పెట్టి, టీ తాగేంత సేపు కదపకుండా ఉంచితే ఈ తంటా ఉండదు.

ఫోన్ ఎక్కడ ఓడుతుంది

కచ్చితత్వంలో ఫోన్ ఓడదు. ఆకాశం తెరిపిగా ఉన్న చోట స్మార్ట్‌ఫోన్లు సాధారణంగా 4.9 మీటర్ల వ్యాసార్థంలో స్థానం చూపుతాయని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ విభాగమే చెబుతుంది. కాలిబాటకు అంతకన్నా అవసరం లేదు. ఫోన్ ఓడేది వానలోనూ బ్యాటరీలోనూ.

మలెనాడు వానలో తడిసిన తెరను వేలితో తాకి చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. నీటి చుక్కనే వేలనుకుని తెర ఎటో జరిగిపోతుంది. చేతి పరికరాల్లో చాలావాటికి తాకే తెర ఉండదు, రబ్బరు బొత్తాలు ఉంటాయి. నోటితో టార్చి పట్టుకుని, చలికి కొంకర్లు పోయిన వేళ్లతోనైనా నొక్కవచ్చు. వీటి తెర వెనక వెలుగు లేకుండానే ఎండలో కనిపిస్తుంది. ఫోన్ తెర అదే ఎండలో చదవాలంటే వెలుగు నిండా పెంచాలి, అక్కడే బ్యాటరీ కరిగిపోతుంది. పైగా టవర్ దొరకని ఫోన్ దాన్ని వెతుకుతూ వెతుకుతూ మరింత కరెంటు తాగుతుంది. విమానం మోడ్‌లో పెడితే ఈ రెండో నష్టం తగ్గుతుంది.

బ్యాటరీ అంకెలు చూస్తే తేడా తేలుతుంది. గార్మిన్ కంపెనీ చేతి జీపీఎస్ ఈట్రెక్స్ 22ఎక్స్ రెండు ఏఏ సెల్లులతో 25 గంటలు నడుస్తుందని తయారీదారు లెక్క. 2023లో వచ్చిన ఈట్రెక్స్ ఎస్ఈ అవే రెండు సెల్లులతో 168 గంటలు. రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే జీపీఎస్‌మ్యాప్ 65ఎస్ మాత్రం 16 గంటలే. ఎక్కువ సంకేతాలు వింటే ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది. ఈట్రెక్స్ ఎస్ఈకి అంత ఆయువు రావడానికీ ఒక కారణం ఉంది. అందులో వివరమైన పటం ఎక్కించే వీలు లేదు. పటం కావాలంటే పక్కన ఫోన్ తెరవాల్సిందే. గంటల అంకె ఒక్కటే చూసి కొన్నవాళ్లకు ఈ సంగతి డబ్బా విప్పాక తెలుస్తుంది.

సెల్లుల విషయంలో ఇంకో వెసులుబాటు ఉంది. ఏఏ సెల్లు కుక్కె సుబ్రహ్మణ్యలోని కిరాణా కొట్లోనూ దొరుకుతుంది. లోపలే బిగించిన లిథియం బ్యాటరీకి పవర్ బ్యాంకు, తడవని తీగ, రెండూ మోయాలి. వాడే సెల్లు ఏ రకమో పరికరం సెట్టింగుల్లో చెప్పాలి. ఆల్కలైన్ అని ఉంచి రీచార్జబుల్ సెల్లులు వేస్తే మిగిలిన ఛార్జీ గుర్తు అబద్ధం చెబుతుంది.

బండ పక్కన, తడి ఆకుల కింద

ఉపగ్రహం పంపే శక్తి పాతకాలం ఇంటి బల్బు స్థాయిది. ఇరవై వేల కిలోమీటర్లు దాటి వచ్చేసరికి అది మామూలు రేడియో రొదకన్నా సన్నగిల్లుతుంది. అంత బలహీనమైన సంకేతాన్ని మరింత పాడుచేసేవి బెంగళూరు చుట్టుపక్కల రెండు ఉన్నాయి. రామనగర, సావనదుర్గల్లోని నిలువు బండలు ఒకటి, పడమటి కనుమల్లోని తడి ఆకుల గొడుగు రెండోది.

నిలువు బండ సంకేతాన్ని గోడకు కొట్టిన బంతిలా తిప్పి పంపుతుంది. నేరుగా వచ్చిన దానికన్నా అది ఎక్కువ దూరం తిరిగొస్తుంది కాబట్టి పరికరం తప్పు దూరం కడుతుంది. బండ వాలులో కూర్చుని ఉన్నా తెర మీద చుక్క అటూ ఇటూ గెంతడానికి ఇదే కారణం. చుట్టూ ఎత్తైన భవనాలున్న ఎంజీ రోడ్డులో క్యాబ్ గుర్తు పక్క వీధిలో కనిపించడమూ ఇదే తంతు. ఆకులు సంకేతాన్ని తిప్పవు, మింగుతాయి. తడి ఆకులు మరీ ఎక్కువగా.

ఇక్కడ యాంటెన్నా తేడా లెక్కలోకి వస్తుంది. ఈట్రెక్స్ తరహా చిన్న పరికరాల్లో పలకలాంటి యాంటెన్నా ఉంటుంది. దాన్ని తెర ఆకాశం వైపు ఉండేలా అరచేతిలో పడుకోబెట్టి పట్టుకోవాలి. నెత్తిన కొమ్ములా పొడుచుకొచ్చిన జీపీఎస్‌మ్యాప్ రకాల్లో చుట్టలు తిరిగిన యాంటెన్నా ఉంటుంది, అది నిటారుగా ఉన్నప్పుడు బాగా వింటుంది. ఏ రకమైనా ప్యాంటు జేబులో పెడితే శరీరమే సగం ఆకాశాన్ని కప్పేస్తుంది. సంచి భుజపట్టీకి తగిలించుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

దక్షిణ భారతానికే ప్రత్యేకమైన అడ్డు ఇంకొకటి ఉంది, కొనుగోలు సలహాల్లో అది అంతగా కనిపించదు. భూ అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. దానికి దగ్గరగా ఉన్న ఆకాశంలో అయనోస్ఫియర్ (ఎగువ వాతావరణంలో విద్యుదావేశ కణాలుండే పొర) గుణం చంచలం. పగలు సంకేతాన్ని ఎక్కువ ఆలస్యం చేస్తుంది. పొద్దుగుంకాక కొన్ని గంటలపాటు నీటి మీద వెలుగు మిణికినట్టు సంకేతం మిణుకుమంటుంది. సూర్యుడు చురుగ్గా ఉండే సంవత్సరాల్లో ఇది పెరుగుతుంది. ఆలస్యాన్ని విరగ్గొట్టే ఉపాయం రెండు ఫ్రీక్వెన్సీలు వినడం. 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గరి ఎల్1, 1176.45 దగ్గరి ఎల్5 ఒకే పొరలోంచి వేర్వేరు మేర ఆలస్యంగా వస్తాయి. ఆ తేడా నుంచే పొర చేసిన చెరుపు ఎంతో తెలిసిపోతుంది. బండల నుంచి తిరిగొచ్చే సంకేతాన్ని పసిగట్టడంలోనూ ఎల్5 మెరుగు. అందుకే రెండు ఫ్రీక్వెన్సీల పరికరానికి ఎక్కువ ధర పెట్టడం మైదానంలో దండగ అనిపించినా, కనుమల్లో అర్థముంది.

ఇంకో సాయం ఉచితంగా ఆకాశంలోనే ఉంది. ఇస్రో, భారత విమానాశ్రయాల సంస్థ కలిసి నడిపే గగన్ వ్యవస్థ జీపీఎస్ తప్పులకు దిద్దుబాట్లు కట్టి జీశాట్ ఉపగ్రహాల ద్వారా ప్రసారం చేస్తుంది. దాని ప్రధాన నియంత్రణ కేంద్రం ఉన్నది బెంగళూరు కుందలహళ్లిలోనే, అంటే ట్రెక్కు బండి ఎక్కే మారతహళ్లికి కూతవేటు దూరంలో. చేతి పరికరం సెట్టింగుల్లో వాస్ లేదా ఎగ్నాస్ అని కనిపించే మీట ఈ తరహా దిద్దుబాటుదే. అమెరికా, ఐరోపా పేర్లు చూసి మనకు కాదనుకుని ఆపేస్తుంటారు.

ఎత్తు లెక్కలో 80 మీటర్ల మెలిక

నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. పైకెక్కాక కొన్ని ఫోన్ యాప్‌లు 1,400 కన్నా తక్కువ చూపిస్తాయి. చెన్నై మెరీనా ఇసుకలో నిలబడితే అవే యాప్‌లు సముద్రమట్టానికి పదుల మీటర్ల కింద ఉన్నట్టు చెబుతాయి. పరికరం చెడిపోయిందని అనుకోవడం సహజం. అసలు సంగతి వేరు.

జీపీఎస్ ఎత్తును కొలిచేది సముద్రం నుంచి కాదు, భూమి ఆకారానికి గణితంలో గీసుకున్న నున్నటి దీర్ఘగోళం నుంచి. అసలు సముద్రమట్టం నున్నగా ఉండదు, గురుత్వాకర్షణను బట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ప్రపంచంలో అది అన్నిటికన్నా లోతుగా కుంగిన చోటు శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలోనే ఉంది, దాదాపు 106 మీటర్ల పల్లం. ఆ పల్లం అంచు మన దాకా వస్తుంది. బెంగళూరు దగ్గర తేడా 80 మీటర్లకు పైనే. చేతి జీపీఎస్‌లు ఈ సవరణ చేసి చూపుతాయి. ఫోన్ యాప్‌లలో కొన్ని చేస్తాయి, కొన్ని ముడి అంకెను అలాగే పడేస్తాయి.

వాయుపీడనంతో ఎత్తు చెప్పే రకాలు (ఈట్రెక్స్ 32ఎక్స్, జీపీఎస్‌మ్యాప్ 65ఎస్ వంటివి) ఎక్కుడు దిగుడును నున్నగా చూపుతాయి. కానీ వాతావరణం మారితే పీడనమూ మారుతుంది. ఒక్క మిల్లీబారు తగ్గితే పరికరం తొమ్మిది మీటర్లు ఎక్కామనుకుంటుంది. రాత్రి గుడారంలో పడుకున్న మనిషి తెల్లారేసరికి ఎత్తు పెరిగి లేస్తాడు. అందుకే ఎత్తు తెలిసిన చోట సరిచేసుకోవాలి. రైల్వే స్టేషన్ల పసుపు బోర్డుల మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. మాకళిదుర్గలా స్టేషన్ పక్కనుంచే ఎక్కే కొండలకు ఇంతకన్నా సులువైన కొలమానం లేదు.

దిక్సూచి విషయమూ ఇక్కడే. ఈట్రెక్స్ 22ఎక్స్‌లో విడిగా దిక్సూచి లేదు. నడుస్తున్నప్పుడే అది దిక్కు చెబుతుంది, ఆగితే బాణం అర్థం లేకుండా తిరుగుతుంది. నాలుగు బాటలు కలిసే చోట ఆగి 'ఎటు' అని అడిగే మనిషికి సరిగ్గా అప్పుడే జవాబు దొరకదు. 32ఎక్స్‌లో దిక్సూచి ఉంది. ఈ రెండింటిలో ఎంచుకునేవారికి ధర తేడా కన్నా ఇదే ముఖ్యం. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మధ్య తేడా సవరించుకోవాలని విదేశీ పుస్తకాలు పేజీలకు పేజీలు చెబుతాయి. బెంగళూరు దగ్గర ఆ తేడా రెండు డిగ్రీల లోపే, నడకకు అడ్డురాదు. కుద్రేముఖ లాంటి చోట జాగ్రత్త వేరే రకం. అక్కడ 2005 చివరి దాకా తవ్వింది అయస్కాంత ఇనుప ఖనిజాన్ని. అలాంటి నేల మీద సూదిని గుడ్డిగా నమ్మకూడదు.

పటం లేని చుక్క

స్థానం దొరికింది సరే, అది ఏ వాగుకు ఇవతల? ఇక్కడితో మొదటి పని అయిపోయి రెండోది మొదలవుతుంది. పరికరంతో వచ్చే పటంలో మన ప్రాంతానికి సాధారణంగా పెద్ద రోడ్లు, ఊళ్ల పేర్లు తప్ప కాలిబాటలు ఉండవు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారైన పటాలు ఉచితంగా దొరుకుతాయి. కంప్యూటర్‌కు తగిలించి మెమొరీ కార్డులోని గార్మిన్ ఫోల్డరులో వేస్తే సరిపోతుంది. సమోన్నత రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఉన్న పటం ఎంచుకుంటే ముందున్నది నిట్టనిలువో, ఏటవాలో ముందే తెలుస్తుంది.

ఆ పటాలకూ హద్దులున్నాయి. వాటిని గీసింది స్వచ్ఛందంగా నడిచినవాళ్లు. జనం బాగా వెళ్లే కొండల మీద బాటలు దట్టంగా ఉంటాయి, వెళ్లని చోట ఖాళీ. గుడిబండ, బాగేపల్లి వైపు గుట్టల మీద మేకల కాపరులు నడిచే బాటలు సగం ఏ పటంలోనూ కనిపించవు. అదృష్టవశాత్తూ ఆ ఊళ్లలో తెలుగు నడుస్తుంది. అడిగితే దారి మాటల్లోనే దొరుకుతుంది.

మూడు మాటల మధ్య తేడా కూడా ముందే పట్టుకోవాలి. గుర్తు (వేపాయింట్) అంటే ఒక చోటు. రూట్ అంటే అలాంటి చోట్లను సరళరేఖలతో కలిపిన వరస, మధ్యలో లోయ ఉందో లేదో దానికి తెలియదు. ట్రాక్ అంటే ఎవరో నిజంగా నడిచిన అడుగుల జాడ. కొండ దారికి ట్రాక్ కావాలి. స్నేహితులు పంపే జీపీఎక్స్ ఫైలులో (దారి వివరాలు దాచే ఫైలు) ఉన్నది రూటో ట్రాకో చూసుకోకపోతే, పరికరం చూపే బాణం నేరుగా బండ అంచు మీదుగా పొమ్మంటుంది.

పాత కాగితం పటాలు వాడేవారికి మరో చిక్కు. సర్వే ఆఫ్ ఇండియా 1767లో మొదలైంది. విలియం లాంబ్టన్ 1800లో బెంగళూరు దగ్గరే నేల మీద గొలుసు పరిచి ఆధార రేఖ కొలిచాడు. ఆయన తర్వాత వచ్చిన జార్జ్ ఎవరెస్ట్ పేరుతో ఉన్న భూమి నమూనా మీద దేశ పటాలన్నీ తయారయ్యాయి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 నమూనా. పాత టోపోషీటు (సర్వే ఆఫ్ ఇండియా కాగితం పటం) లోని అంకెలను సవరించకుండా పరికరంలో కొడితే మన ప్రాంతంలో చోటు వంద మీటర్ల పైచిలుకు పక్కకు జరుగుతుంది. 2005 జాతీయ పటాల విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ పటాలు డబ్ల్యూజీఎస్ 84 మీదే ఉన్నాయి. వాటితో ఈ బాధ లేదు.

చుక్క తప్పితే 43 కిలోమీటర్లు

ఫోన్‌లో ఒకరికొకరు చదివి చెప్పుకునే అంకెల్లో జరిగే పొరపాటు వీటన్నిటికన్నా పెద్దది. 12 డిగ్రీల 58.30 నిమిషాలు అంటే దశాంశాల్లో 12.9717 డిగ్రీలు. తొందరలో దాన్ని 12.5830 అని రాసుకుంటే చోటు దాదాపు 43 కిలోమీటర్లు దక్షిణానికి దిగిపోతుంది. రక్షక బృందాన్ని ఇంకో తాలూకాకు పంపడానికి అది చాలు. జట్టులో అందరూ ఒకే పద్ధతికి, వీలైతే దశాంశ డిగ్రీలకు, తమ పరికరాలను బయల్దేరక ముందే మార్చుకోవాలి.

మీటర్ల గడుల పద్ధతి (యూటీఎం) వాడేవారికి ఈ ప్రాంతంలో ఒక గీత అడ్డొస్తుంది. 78 డిగ్రీల రేఖాంశం దగ్గర మండలం 43 నుంచి 44కి మారుతుంది. బెంగళూరు ఒక పక్క, కోలారు, మదనపల్లె హార్సిలీ హిల్స్ ఇంకో పక్క.

కబురు పంపే రకం, చట్టం

2022 ఫిబ్రవరిలో నంది కొండల దగ్గర బ్రహ్మగిరి బండల మీద నుంచి జారి మూడు వందల అడుగుల కింద చిక్కుకున్న 19 ఏళ్ల కుర్రవాణ్ణి వాయుసేన హెలికాప్టర్ పైకి తీసింది. అతను తన చోటు పోలీసులకు పంపగలిగింది మొబైల్ ఫోన్‌తో. మామూలు చేతి జీపీఎస్ ఉన్నా తానెక్కడున్నాడో కొన్ని మీటర్ల తేడాతో తెలిసేది కానీ, ఆ సంగతి ఎవరికీ చేరేది కాదు. అది వింటుంది, మాట్లాడదు. కొనేవాళ్లలో చాలామంది ఆశ పెట్టుకునేది సరిగ్గా అది చేయని పని మీదే.

మాట్లాడే రకాలు వేరు. గార్మిన్ ఇన్‌రీచ్ వంటివి ఇరీడియం ఉపగ్రహాల ద్వారా సందేశాలు పంపుతాయి. మన దేశంలో ఉపగ్రహ ప్రసార పరికరాలను టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉంచుకోకూడదు. 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ ఉన్న కట్టడి ఇది. గోవా, ఢిల్లీ వార్తల్లోనూ ఇన్‌రీచ్ పరికరాలు ఉన్నాయి. సంకేతం అందుకోవడం తప్ప పంపలేని మామూలు జీపీఎస్ ఈ కోవలోకి రాదు. రూపం మాత్రం ఒకేలా ఉంటుంది కాబట్టి విమానాశ్రయంలో ప్రశ్న ఎదురవుతుంది. మోడల్ వివరాలున్న కాగితం సంచిలో ఉంటే మాట తేలిక.

ప్రమాదం పొంచి ఉన్నది ఒక్క అక్షరంలో. జీపీఎస్‌మ్యాప్ 67 వేరు, 67ఐ వేరు. 66ఎస్ వేరు, 66ఐ వేరు. చివర 'ఐ' ఉన్నవాటిలో ఇన్‌రీచ్ ఉంది. అమెరికా నుంచి సెలవులకు వచ్చే బావగారికో, చెల్లెలికో 'అక్కడ చవక, ఒకటి తెచ్చిపెట్టండి' అని చెప్పడం తెలుగిళ్లలో మామూలే. ఆ అక్షరం చెప్పడం మరిస్తే ఇబ్బంది పడేది తెచ్చేవాళ్లు. ఐఫోన్ 14 నుంచి ఉన్న ఉపగ్రహ అత్యవసర సందేశ సౌకర్యం కూడా మన దేశంలో లేదు. అంటే టవర్ లేని చోట సామాన్య నడకదారికి చట్టబద్ధంగా మిగిలే మార్గాలు పాతవే. వెళ్లే దారి, తిరిగొచ్చే వేళ ఇంట్లో చెప్పడం, అటవీ శాఖ గేటు దగ్గర పేరు రాయించడం, టవర్ దొరికే గట్టు ఎక్కడుందో గుర్తు పెట్టుకుని అక్కడినుంచి 112కి ఫోన్ చేయడం. ఆ గట్టును వేపాయింట్‌గా దాచుకోవడం చేతి జీపీఎస్‌కు చక్కటి ఉపయోగం.

నావిక్ ఉంటే సరిపోతుందా

జీపీఎస్ లాంటి మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ ఉండగా విదేశీ ఉపగ్రహాల మీద ఆధారపడటం ఎందుకన్న ప్రశ్న బెంగళూరులో తరచూ వస్తుంది. ఇస్రో ప్రధాన కేంద్రం ఇక్కడ, నావిక్ నడిపే కేంద్రం బ్యాలాలులో కాబట్టి ఆ ప్రశ్న రావడం న్యాయమే. 2013 జులై 1న తొలి ఉపగ్రహం శ్రీహరికోట నుంచి వెళ్లింది. మొదటి తరం ఉపగ్రహాలు ఎల్5, ఎస్ పట్టీల్లోనే ప్రసారం చేశాయి. అందరూ వాడే ఎల్1 పట్టీ 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01తో చేరింది. ఈ తేడా వల్ల చవక చిప్పులు నావిక్‌ను వినలేకపోయాయి. ఉపగ్రహాల్లోని దిగుమతి పరమాణు గడియారాలు చెడిపోవడం రెండో దెబ్బ. 2025 జనవరిలో వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరకపోవడం మూడోది. స్థాన సేవ పూర్తిగా అందించగల ఉపగ్రహాలు నాలుగని ప్రభుత్వం 2025లో పార్లమెంటుకు చెప్పింది. నాలుగే ఉంటే, వాటిలో ఒక్కటి కొండ చాటున పడినా లెక్క కుదరదు.

కాబట్టి నావిక్ ముద్ర చూసి చేతి పరికరం కొనడానికి ప్రస్తుతానికి కారణం లేదు. జీపీఎస్‌తో పాటు ఐరోపా గెలీలియో, రష్యా గ్లోనాస్ ఉపగ్రహాలనూ అందుకునేదైతే సగం ఆకాశం కనిపించే లోయలోనూ కావలసినన్ని ఉపగ్రహాలు దొరుకుతాయి. నావిక్ దానికి అదనం అయితే మంచిదే.

కొనేముందు, కొన్నాక

ఏడాదికి రెండుసార్లు, గుంపుతో, గైడు వెంట నంది చుట్టుపక్కలకు వెళ్లేవారికి ముందే దించుకున్న పటం, విమానం మోడ్, పవర్ బ్యాంకు చాలు. వానాకాలం కనుమల్లో రెండు మూడు రోజులు నడిచేవారికి, జట్టును నడిపించేవారికి చేతి పరికరం ఖర్చుకు తగ్గ పని చేస్తుంది. అప్పుడు కూడా ఫోన్‌ను వదలకూడదు, అది కబురుకు కావాలి. ఒకటి చెడితే రెండోది ఉంటుందన్న లెక్కా ఉంది.

ఎస్పీ రోడ్డు తరహా బజారులోనో, పాత సామాను యాప్‌లోనో వాడిన పరికరం కొనేవారు చూడాల్సినవి సెల్లుల గదిలో పచ్చటి తుప్పు, బొత్తాల రబ్బరు పగుళ్లు, ఇంకా తేదీ. జీపీఎస్ వారాలను 1,024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. అలా చివరిసారి జరిగింది 2019 ఏప్రిల్ 6న. సాఫ్ట్‌వేర్ కొత్తది వేయని పాత పరికరాలు ఆ తర్వాత ఇరవై ఏళ్ల కిందటి తేదీ చూపిస్తాయి. అమ్మేవాడు ఆన్ చేసి చూపిస్తున్నప్పుడు అందరూ చూసేది చుక్క ఎక్కడుందని. తేదీ చూసేవాళ్లు తక్కువ.

నీటి రక్షణకు ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. వానకు అది చాలు. యూఎస్‌బీ మూత సరిగా మూయకపోతే ఆ ముద్రకు విలువ లేదు.

కొత్త పరికరాన్ని మొదటిసారి కొండ మీద కాక లాల్‌బాగ్‌లో వాడి చూడటం మేలు. గేటు దగ్గర ఒక వేపాయింట్ పెట్టి, ట్రాక్ నమోదు మొదలుపెట్టి, కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కి, చెట్ల కిందికి దిగి, చెరువు చుట్టూ తిరిగి రావాలి. తెర మీద గీత ఎక్కడ నున్నగా ఉంది, చెట్ల కింద ఎక్కడ వంకరపోయింది అన్నది అప్పుడే కనిపిస్తుంది. తర్వాత ఫోన్ తీయకుండా, వచ్చిన జాడ వెంటే వెనక్కి నడిపించమని పరికరాన్ని అడగాలి. బొత్తాలు వెతుక్కోవడానికి అక్కడ పట్టే పది నిమిషాలు, చీకటిపడ్డాక వానలో పట్టే గంట.